నిమ్మజాతి గజ్జి తెగులు - క్వారంటైను నిబంధనలు

గూడూరు ప్రాంతములో నిమ్మ రైతులకు జరిగిన ఒక శిక్షణా శిబిరములో గజ్జి తెగులును గురించి మాట్లాడినాను. ఇతర దేశములలో ఈ తెగులు కనబడిన చోట, దాని చుట్టూ కొంత దూరము వరకు ఉన్న నిమ్మ, నారింజ చెట్లనన్నిటిని, తెగులు ఉన్నవాటితోపాటు లేనివాటిని కూడ, ప్రభుత్వమే తీయించివేసినదని చెప్పినాను. వెనుక వరుసలో కూర్చున్న పెద్ద రైతు ఒకరు లేచి, "నా చెట్టు నేను నీళ్ళు పోసి పెంచుకున్నది. పక్కవాడి చెట్టుకు గజ్జి వస్తే నా చెట్టు కొట్టేస్తామంటే ఎట్లా సార్? అది న్యాయమా?" అని అడిగినారు. శిబిరములోని వారందరు ఆయన పక్షమే.

ఆ ప్రశ్న అడుగదగినదే. ఆనాడు నేను చెప్పిన జవాబు చాలలేదని తరువాత తోచినది. ఇటువంటి నిబంధనలు ఏల పుట్టినవి, ఎక్కడ ఫలించినవి, ఎక్కడ విఫలమైనవి, వాటినుండి మనము గ్రహించవలసినది ఏమి అను విషయములను ఈ వ్యాసములో వివరించుచున్నాను.

తెగులు స్వభావము

గజ్జి తెగులు మన రైతులకు కొత్తది కాదు. ఆకులపైన, లేత కొమ్మలపైన, కాయలపైన గోధుమరంగు మచ్చలు బొడిపెలవలె లేచి, గరుకుగా, బెండువలె ఉండును. ఆకుపైని మచ్చచుట్టూ పసుపుపచ్చని వలయము కనిపించును. కాయ లోపలి రసమునకు హాని లేకున్నను, చూపునకు బాగుండదు గనుక అంగడిలో ధర పడిపోవును. తెగులు ముదిరినచో ఆకులు, పిందెలు రాలి, రెమ్మలు ఎండును. కాగితపు నిమ్మకు ఇది ఎక్కువగా సోకును. బత్తాయికి కొంత తక్కువ, కమలాకు ఇంకను తక్కువ.

దీనికి కారణము క్సాంథోమొనాస్ అను సూక్ష్మజీవి. ఇది ఆకుల క్రింది సన్నని రంధ్రముల గుండా, లేక గాయముల గుండా లోపల ప్రవేశించును. ఆకు తొలుచు పురుగు చేసిన సొరంగములు దీనికి తెరచిన తలుపులు. వానతో కూడిన ఈదురుగాలి దీనిని చెట్టునుండి చెట్టుకు చేర్చును. అయితే గాలి చేర్చు దూరము కొద్ది; మనిషి చేర్చు దూరమునకు మేర లేదు. తెగులు సోకిన మొక్కను లారీపై ఎక్కించినచో ఒక్క రాత్రిలో అది నాలుగు జిల్లాలు దాటును. కత్తెరలు, గంపలు, కూలీల బట్టలు కూడ దీనిని మోయగలవు.

మరియొక సంగతి మరువరాదు. సూక్ష్మజీవి ప్రవేశించిన వెంటనే మచ్చ కనబడదు. అనుకూలమైన వాతావరణములో వారము, రెండు వారములు పట్టును. చల్లని దినములలో రెండు నెలలు కూడ పట్టవచ్చును. కనుక కంటికి ఆరోగ్యముగా కనిపించు చెట్టు నిజముగా ఆరోగ్యముగానే ఉన్నదని చెప్పుటకు వీలులేదు. పెద్దరైతు అడిగిన ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే ఉన్నది.

ఈ తెగులు పుట్టినిల్లు మన ఆసియా ఖండమే. 1827-31 సంవత్సరముల మధ్య భారతదేశములో సేకరించి, ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనములో ఎండబెట్టి భద్రపరచిన నిమ్మజాతి ఆకులపై ఈ మచ్చలున్నట్లు 1933లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మనము దీనితో కాపురము చేయుచుండగా, ఇతర దేశములవారు దీనిని గడప దాటనీయకుండ పోరాడినారు.

క్వారంటైను అనగా నేమి?

ఒక ఊరిలో పశువులకు గాలికుంటు సోకినప్పుడు మన పెద్దలు ఏమి చేసెడివారు? ఆ ఊరి పశువులను తమ చెరువునకు రానిచ్చెడివారు కాదు. తమ పశువులను సంతకు తోలెడివారు కాదు. దీనినే చట్టరూపమున అమలు జరిపిన క్వారంటైను అగును. చెట్ల విషయములో దీనికి రెండు అంచెలు కలవు. మొదటిది గడప కాపలా: తెగులున్న ప్రాంతమునుండి మొక్కలు, అంట్లు, పండ్లు రాకుండ ఆపుట. రెండవది గీత గీయుట: గడప దాటి వచ్చిన తెగులును కనుగొని, దాని చుట్టూ హద్దు ఏర్పరచి, ఆ హద్దులోని చెట్లను తీసివేసి, అక్కడి మొక్కలు బయటకు పోకుండ చూచుట. మొదటి అంచెకు ఖర్చు తక్కువ, కన్నీరు తక్కువ. రెండవ అంచెకు రెండును ఎక్కువే.

ఫ్లోరిడాలో మొదటి గెలుపు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము నారింజ తోటలకు పేరుపొందినది. 1910 ప్రాంతములో జపానునుండి తెప్పించిన అంటుకట్టు వేరుమొక్కలతో గజ్జి తెగులు ఆ తీరమునకు చేరినది. మొదట దానిని అక్కడివారు వేరొక మచ్చ తెగులని పొరబడినారు. ఆకులు దూసివేసి, మందు చల్లి చూచినారు. ఫలితము కలుగలేదు.

అప్పుడు తోటల యజమానులే ముందుకు వచ్చి, చందాలు వేసికొని, తెగులు చెట్లను కాల్చు పని ఆరంభించినారు. చెట్టును నరికి ఈడ్చుకొని పోయినచో దారిపొడవున తెగులు రాలునని, నూనె చల్లి నిలిచియున్న చోటనే కాల్చినారు. ఒక తోటనుండి మరియొక తోటకు పోవు పరిశీలకులు చేతులను, బట్టలను మందునీటితో శుద్ధి చేసికొనెడివారు. 1915లో విదేశములనుండి నిమ్మజాతి మొక్కల దిగుమతి నిషేధింపబడినది. అదే సంవత్సరము ఫ్లోరిడాలో మొక్కల రక్షణకు ప్రత్యేకమైన బోర్డు ఏర్పడినది. సుమారు 2 లక్షల 57 వేల తోట చెట్లను, 30 లక్షలకు పైగా నర్సరీ మొక్కలను నాశనము చేసినారు. ఈ లెక్కలో నర్సరీ మొక్కలు తోట చెట్లకు పదిరెట్లకు మించియున్న సంగతి గమనింపదగినది. 1933లో ఫ్లోరిడాలో తెగులు నిర్మూలమైనదని ప్రకటించినారు.

ఆస్ట్రేలియాలో కఠిన నియమము

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతములో 1912లో గజ్జి కనబడినది. అచ్చటి ప్రభుత్వము దక్షిణ అక్షాంశము 19 డిగ్రీలకు ఉత్తరముననున్న నిమ్మజాతి చెట్లనన్నిటిని తీయించివేసినది. తెగులు పోయినది. 2004లో క్వీన్స్‌లాండులోని ఎమరాల్డు ప్రాంతములో మరల కనబడగా, సుమారు 5 లక్షల చెట్లను తీసివేసినారు. ఆ ప్రాంతపు తోటలన్నియు ఖాళీ అయినవి. 2009లో తెగులు లేదని ప్రకటించిన పిమ్మట తోటలు మరల లేచినవి. 2018లో డార్విన్ నగరములో నర్సరీ కుండీల మొక్కలపై ఇది కనిపించినది. ఒక్కొక్క స్థలము చుట్టూ 600 మీటర్ల హద్దు గీచి, చెట్లను తీసివేసి, మొక్కల రాకపోకలను ఆపినారు. 2021కి అదియు తుడిచిపెట్టుకొని పోయినది.

ఫ్లోరిడాలో ఓటమి

గెలిచిన ఫ్లోరిడాయే తరువాత ఓడినది. 1986లో వచ్చిన తెగులును 1994 నాటికి అణచినామని ప్రకటించినారు. 1995లో మయామీ విమానాశ్రయమునకు సమీపమున, పండు ఈగల ఎరబుట్టలు చూచుకొను ఉద్యోగి ఒకరికి ఒక ఇంటి పెరటిలో మరల గజ్జి మచ్చలు కంటబడినవి. ఈసారి తెగులు తోటలో కాదు, నగరములో ఉన్నది. ప్రతి ఇంటి వెనుక ఒక నిమ్మచెట్టో, నారింజచెట్టో ఉన్న నగరమది.

మొదట తెగులు చెట్టు చుట్టూ 125 అడుగుల వరకు ఉన్న చెట్లను తీసివేయు నిబంధన పెట్టినారు. అంత హద్దులో పడునది ఎకరము పైచిలుకు నేల. తెగులు ఆ గీతను దాటుచునే పోయినది. అంతట శాస్త్రజ్ఞులు మయామీ ప్రాంతములో చెట్టుచెట్టునకు దూరము కొలిచి, కొత్తగా సోకిన చెట్లలో నూటికి 95 వంతులు పాత తెగులు చెట్టునకు 1900 అడుగుల లోపల ఉండునని లెక్క తేల్చినారు. 2000 సంవత్సరము ఆరంభమునుండి హద్దు 1900 అడుగులయినది. ఒక్క తెగులు చెట్టునకు 260 ఎకరముల వలయము!

ప్రజలు తిరుగబడినారు. మచ్చ లేని చెట్టును నరుకుటకు పెరటిలోనికి ఉద్యోగులు రాగా గృహస్థులు అడ్డగించినారు. ప్రభుత్వము మొదటి చెట్టునకు 100 డాలర్ల కూపనును, తరువాతి చెట్లకు 55 డాలర్ల చొప్పున ఇచ్చినది. అది చాలదని అనేకులు న్యాయస్థానములకు ఎక్కినారు. 2000 చివరినుండి వ్యాజ్యములు నడిచి, నరకు పని ఆగుచు, సాగుచు ఉండెను. 2004 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1900 అడుగుల నిబంధన చెల్లునని తీర్పు చెప్పినది. కాని తెగులు తీర్పునకై వేచియుండునా? 2004లో వరుసగా పెనుతుఫానులు వీచినవి. 2005లో మరియొకటి వచ్చినది. గాలివాన సూక్ష్మజీవిని మైళ్ళ కొలది చల్లినది. 2006 జనవరిలో, ఇక నిర్మూలించుట సాధ్యము కాదని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించి ఆ పని మానినది. అప్పటికి కోటికి పైగా చెట్లు పోయినవి.

గెలుపునకు, ఓటమికి కారణములు

సూక్ష్మజీవి అదే, రాష్ట్రము అదే. అయినను ఫలితములు వేరయినవి. ముఖ్య కారణములు నాలుగు.

1. మొదటిసారి నిబంధనను తోటల వారే అడిగి తెచ్చుకొన్నారు. మూడవసారి అది పైనుండి వచ్చి పెరడులలో పడినది. నష్టపడువాడు ఒకడు, లాభపడువాడు మరియొకడు అని ప్రజలకు తోచినది.

2. మూడవసారి హద్దును మొదట చిన్నదిగా గీచి, తరువాత పెంచినారు. ఆ నడుమ పోయిన కాలము మరల రాదు.

3. పరిహారము విషయము ముందుగా తేలలేదు. చెట్టు పోయిన పిదప పరిహారమునకై ఏండ్ల తరబడి దావాలు సాగినవి.

4. 1993లో ఆకు తొలుచు పురుగు ఫ్లోరిడాకు చేరి, ఆకులపై గాయములు పెంచి, తెగులునకు దారి సుళువు చేసినది. దానిపైన తుఫానులు.

కనుక తెగులు కొన్ని చెట్లకే పరిమితమై ఉన్నప్పుడు పెట్టిన నిబంధన కొన్ని చెట్లను తిని వేల తోటలను కాపాడును. ఆలస్యమైనచో అదే నిబంధన కోటి చెట్లను తిని కూడ ఎవరిని కాపాడజాలదు.

మన చట్టములు

మన దేశములో ఇటువంటి నిబంధనలు లేకపోలేదు. 1914లో హానికర పురుగులు, తెగుళ్ళ చట్టము చేయబడినది. దానిక్రింద విదేశములనుండి మొక్కల రాకను, తరువాతి సవరణలతో రాష్ట్రమునుండి రాష్ట్రమునకు రవాణాను కూడ ప్రభుత్వము అదుపు చేయవచ్చును. 1959లో అరటి వెర్రితల తెగులును ఆపుటకై కొన్ని రాష్ట్రములనుండి అరటి పిలకల రవాణాను నిషేధించినది ఈ చట్టముక్రిందనే. విదేశములనుండి నాటుటకు తెచ్చు మొక్కలకు 2003 నాటి క్వారంటైను ఉత్తరువు ప్రకారము దిగుమతి అనుమతి, తెగులు లేదని పంపు దేశము ఇచ్చిన ధ్రువపత్రము ఉండవలెను.

ఇదిగాక, 1919లో మద్రాసు రాష్ట్రములో పురుగులు, తెగుళ్ళ చట్టము వచ్చినది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. ఒక ప్రాంతములో ఫలానా తెగులున్నదని ప్రకటించి, రైతు చేయవలసిన పనిని నిర్ణయించి నోటీసు ఇచ్చుటకు, రైతు చేయనిచో అధికారులే చేయించి ఖర్చు రాబట్టుటకు దానిలో వీలున్నది.

ఈ చట్టమునకు పూర్వమే గోదావరి జిల్లావారు ఇటువంటి పనిని కన్నులార చూచినారు. 1900 తరువాతి సంవత్సరములలో గోదావరి డెల్టాలో తాటిచెట్లకు మొవ్వు కుళ్ళు తెగులు వ్యాపించినది. కొబ్బరికి కూడ అది సోకినది. బట్లరు అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, కారణమైన శిలీంధ్రమును గుర్తించినాడు. ప్రభుత్వము చెట్లెక్కువారిని నియమించి, తెగులు సోకిన తలలను కొట్టించి కాల్పించినది. ఒక గ్రామమున కాల్చి ప్రక్క గ్రామమున వదలినచో ఫలితము సున్న అని ఆ పని చేసినవారికి తెలియును. తెగులుకు గ్రామపు సరిహద్దు రాయి కనబడదు గదా!

కరివేపాకు సంగతి

అమెరికాలోనున్న బిడ్డలను చూడబోవు తల్లిదండ్రుల పెట్టెలలోని పచ్చి కరివేపాకును అక్కడి విమానాశ్రయములలో తీసి పారవేయుదురు. పిడికెడు ఆకునకు ఇంత పట్టుదల ఏమని మనవారు నొచ్చుకొందురు. కారణమున్నది. కరివేప కూడ నిమ్మ కుటుంబములోనిదే. సిల్లా అను రసము పీల్చు చిన్న పురుగు దానిపై పెరుగును. ఆ పురుగే నిమ్మజాతికి ప్రాణాంతకమైన గ్రీనింగ్ తెగులును మోయును. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో కనబడినవి. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రము, ముఖ్యముగా గ్రీనింగ్ వలన, కొంత తుఫానుల వలన, 2023-24లో 2 కోట్ల పెట్టెలు కూడ పండించలేకపోయినది. అక్కడ నిమ్మజాతి నర్సరీ మొక్కలను పురుగు చొరని వల ఇండ్లలోనే పెంచవలెనను నియమము పెట్టినారు. పెద్ద నష్టము పడిన తరువాత వారు గడప వద్దకే తిరిగి వచ్చినారు.

మన రైతులు చేయవలసినది

మన తోటలలో గజ్జి ఇదివరకే ఉన్నది. కనుక మన చెట్లను వలయములు గీచి నరకు ప్రసక్తి లేదు. అయినను మొదటి అంచె మన చేతిలోనే ఉన్నది. కడియమువంటి కేంద్రములనుండి మొక్కలు అన్ని జిల్లాలకు, ఇతర రాష్ట్రములకు పోవుచున్న ఈ కాలములో ప్రతి తోట గేటు ఒక క్వారంటైను ఠాణాయే. ఈ క్రింది పద్ధతులు పాటించవలెను.

1. మొక్కలను లైసెన్సు కలిగిన నర్సరీలోనే కొనవలెను. నర్సరీల రిజిస్ట్రేషనుకై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో చట్టము చేయబడినది. రసీదు తప్పక అడిగి తీసికొనవలెను.

2. కొనుటకు ముందు ఆకులను వెలుతురునకు ఎత్తి, పైన, క్రింద చూడవలెను. ఒక్క మొక్కపై గజ్జి మచ్చ ఉన్నను ఆ మడిలోని మొక్కలు తీసికొనరాదు. ధర తక్కువని మోసపోరాదు.

3. తెచ్చిన మొక్కలను వెంటనే తోటలో నాటక, పాత చెట్లకు దూరముగా నీడలో రెండు నెలలు ఉంచి చూడవలెను. మచ్చలు కనబడినచో కాల్చివేయవలెను. నష్టము కొద్ది రూపాయలతో తీరును.

4. పాత తోటలో తెగులు సోకిన కొమ్మలను వానలకు ముందు, పొడి దినములలో కత్తిరించి కాల్చవలెను. తడి ఆకులున్నప్పుడు తోటలో కత్తిరింపు పని చేయరాదు. తరువాత లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పిచికారి చేయవలెను. కొత్త చివుళ్ళు వచ్చినప్పుడు ఆకు తొలుచు పురుగును అదుపులో ఉంచవలెను.

5. ఒక తోటనుండి మరియొక తోటకు పోవునప్పుడు కత్తెరలను శుద్ధి చేయవలెను. బయటి గంపలను తోటలోనికి తేనీయరాదు.

6. కొత్తగా నాటువారు గజ్జిని కొంత తట్టుకొను బాలాజీ వంటి రకములను గురించి ఉద్యాన శాఖవారిని సంప్రదించవలెను.

గ్రామాధికారులకు మనవి

గ్రామ వ్యవసాయ, ఉద్యాన సహాయకులు, విస్తరణాధికారులు ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. ఎన్నడు చూడని మచ్చ, ఎన్నడు లేని వడలుట తోటలో ఉన్నదని రైతు చెప్పినచో, అది చిన్న సంగతి అని తోసివేయరాదు. ఆనాడే తోట చూచి, ఆకులను మూతిగట్టిన సంచిలో ఉంచి పరిశోధనా కేంద్రమునకు పంపి, పై అధికారులకు వ్రాయవలెను. మయామీలో మచ్చను మొదట చూచినది శాస్త్రజ్ఞుడు కాదు, ఎరబుట్టలు చూచుకొను చిరుద్యోగి. తెగులు సంగతి చెప్పిన రైతును దోషివలె చూచినచో, మరునాడు ఏ రైతు చెప్పడు. దాచిన తెగులే ఊరిని ముంచును.

ఆ ప్రశ్నకు జవాబు

"అది న్యాయమా?" అన్న పెద్దరైతునకు నా జవాబు ఇది. ఆలస్యముగా వచ్చి, హద్దు తెలియక, పరిహారము తేల్చక మీ చెట్టును నరకు నిబంధన న్యాయము కాదు, మీరు ప్రశ్నించవలసినదే. సకాలములో వచ్చి, అందరికి ఒకే కొలతతో, పరిహారముతో అమలగు నిబంధన న్యాయమే. ఏలయన, నేడు మీ చెట్టును కోరు ఆ గీతయే రేపు పక్కవాని తెగులునుండి మీ తోటను కాపాడును. అన్నిటికంటె మేలైన న్యాయము గొడ్డలికి పని లేకుండ చేసికొనుట. సంచిలోని మొక్కను గేటు వద్ద ఆపి, ఆకు త్రిప్పి చూచుటకు ఎంత సేపు? ఆ పని మీరు చేయండి. మీ ఇరుగుపొరుగువారిచే చేయించండి.